గుర్రాల వంతు క్యారెట్లు

పోర్ట్ ట్రెవాన్,
నవంబరు 2

నెరిడా అత్తకి,

ఇవాళ నవంబరు రెండో తారీకు. పొద్దున వంటింటి తలుపు తీసేసరికి ఎదురుగా అడ్మిరల్, నోట్లో నీ ఎడమకాలి చెప్పు! దొడ్డి గడియ పళ్లతో ఎత్తి, టమాటా మడి తొక్కి, మూడు మెట్లెక్కి వరండాలోకి వచ్చేశాడు. ఇరవై ఏడేళ్ల ముసలి గుర్రం, నా నడుమెత్తు కూడా లేడు, ఇంటి యజమానిలా నిలబడ్డాడు. "మీ అత్త ఎక్కడుందో కనుక్కుపోదామని వచ్చినట్టున్నాడు," అన్నాడు నాన్న. లాక్కోబోతే ఇవ్వలేదు. సెప్టెంబరులో నువ్వు దొడ్లో జారి తుంటి విరగ్గొట్టుకున్న రోజు ఊడిపోయిన చెప్పు అదే కదా.

ఫోన్లో నా మాట రేకుల మీద వానలా వినబడుతోందన్నావు కాబట్టి ఇకనుంచి ఉత్తరాలే. నాకూ అదే ఇష్టం. ఈ ఏడాది నాకు మాటల పిచ్చి పట్టింది. అడిలైడ్ నుంచి కొత్తగా వచ్చిన మా టీచర్ మిస్ హాలొరన్ రోజుకొక మాట పట్టుకురమ్మంటుంది. ఇవాళ నాది 'అకుంఠితం'. వాడేస్తాను చూడు.

నిన్న మన చిన్న డెక్కల సంఘం సభ జరిగింది. పెంగిల్లీ గారు కళ్లజోడు తుడుచుకుని, పోస్ట్‌మాస్టరుగా ఉన్నప్పుడు తంతి చదివినట్టే చదివారు: నెరిడా లేకుండా సంఘం నడవదు, ఏడాది చివర మూసేద్దాం, నాలుగు గుర్రాల్నీ నాలుగు ఇళ్లకి ఇచ్చేద్దాం. అత్తా, నాలుగు ఇళ్లకి! అడ్మిరల్ ఒక చోట, నట్‌మెగ్ ఒక చోట! వృద్ధుల నివాసంలో ప్రతి మంగళవారం మన గుర్రాల కోసం తలుపు వైపు చూస్తూ కూర్చునే వాళ్ల సంగతి ఆయనకి పట్టదా? ఆ మనిషి గుండె స్థానంలో పోస్టల్ స్టాంపు ఉన్నట్టుంది.

నేను లేచి అడిగాను. మూసెయ్యకుండా ఉండాలంటే ఏం కావాలి? రెండు కావాలన్నారు. వచ్చే ఏడాది బీమా కట్టడానికి డబ్బు. గుర్రాల్ని బయటికి తీసుకెళ్లడానికి నీ తర్వాత బాధ్యత ఎవరిదో నీ సంతకంతో ఒక కాగితం. "మొదటిది క్రిస్మస్ సంబరం చేసి నేను తెస్తాను," అన్నాను. "రెండోది మా అత్త ఇస్తుంది."

బయటికి వచ్చేసరికి సముద్రం కరిగిన రాగిలా ఉంది. సూర్యుడు ఓడరేవు కర్రల మధ్య నుంచి ఒక్కొక్క అడుగే దిగిపోతున్నాడు. నేను అకుంఠిత దీక్షతో ఇంటికి నడిచాను. జనవరిలో నాకు పద్దెనిమిది నిండుతాయి. ఆ కాగితం మీద నా పేరు రాస్తావు కదూ?

నీ
లోవెన్నా

●

అడిలైడ్, ఆస్పత్రి, పక్కమీద నుంచి
నవంబరు 8

ఏమే లోవెన్నా,

నీ ఉత్తరంలో సముద్రం కరిగింది, సూర్యుడు దిగాడు. నట్‌మెగ్ డెక్కలు ఎవరు చెక్కారో మాత్రం లేదు. ఆరు వారాలు దాటితే అది ఎడమవైపు ఒరిగి నడుస్తుంది. అది రాయి ముందు.

వెర్నన్ పెంగిల్లీని తిట్టకు. అతను మంచివాడు. ఆ సంగతి తర్వాత.

సంబరం చేస్తానన్నావు కాబట్టి చెవులు రిక్కించుకుని విను. క్రికెట్ మైదానం పక్క హాలు అడుగు, అక్కడ ఓవెన్లు పెద్దవి. బ్యాండు పిలవకు, పెప్పర్ బెదురుతుంది. గుర్రాల తలకి క్రిస్మస్ దుప్పికి మల్లే బట్ట కొమ్ములు కడితే కట్టు, గంటలు మాత్రం వద్దు. పేస్టీలు చేయించు. పిండి మడతలో మాంసం, బంగాళదుంప, ఉల్లి, టర్నిప్. అంతే. క్యారెట్ వేస్తే ఈ ఊళ్లో కుక్క కూడా కొనదు. నా చిన్నప్పుడు గ్లాడిస్ అనే ఆవిడ ఒకసారి వేసింది. ఆవిడ పోయి పదకొండేళ్లయింది, ఇంకా 'క్యారెట్ గ్లాడిస్' అనే అంటారు. సమాధి దగ్గర కూడా.

అన్నిటికంటే ముఖ్యం చిక్కం. వాన పడ్డ మర్నాడు గడ్డి తియ్యగా ఉంటుంది. చిన్న గుర్రం అది కడుపునిండా తిందంటే కాలి డెక్క లోపల వాచి కుంటిదైపోతుంది. మూతికి చిక్కం లేకుండా పచ్చికలోకి ఒక్కదాన్నీ వదలకు. అడ్మిరల్‌ని అసలే వదలకు. వాడికి బుద్ధి లేదు, ఆకలి ఉంది.

ఇవాళ వాకర్ పట్టుకుని ఆరడుగులు వేశాను. నర్సు చప్పట్లు కొట్టింది. నేనేమైనా కోతినా?

మీ అత్త

తా.క. ఆ చెప్పు వాడి దగ్గరే ఉండనీ.

●

పోర్ట్ ట్రెవాన్,
నవంబరు 21

అత్తా,

నట్‌మెగ్ డెక్కలు మంగళవారం చెక్కించాను. పెప్పర్‌వీ, క్లోవర్‌వీ కూడా. రాసేశాను, ఇక కోప్పడకు.

హాలు దొరికింది! డిసెంబరు 13, శనివారం. పోస్టర్లు నేనే రాశాను. 'నడుమెత్తు గుర్రాలు, ఆకాశమంత మనసు' అని పైన. మిస్ హాలొరన్ చదివి, "ఇందులో ఎక్కడ, ఎన్నింటికి అని కూడా వేస్తే జనం వస్తారు," అంది. అన్నిటికీ కింద మళ్లీ రాసుకొచ్చాను. తను మా వంటలో సాయానికి వస్తానంది. మాంసం బోథమ్ కుటుంబం ఇస్తోంది. గుర్రాలకని రెండు బస్తాల క్యారెట్లు కూడా పంపిస్తామన్నారు. మైదానంలో సాసేజీలు కాల్చే పని అగ్నిమాపక దళం వాళ్లు తీసుకున్నారు. జనం వాటికే ఎక్కువ ఎగబడతారు కాబట్టి బీమా సగం అక్కడే తేలిపోతుంది.

నిన్న వృద్ధుల నివాసానికి వెళ్లాను. తొంభై నాలుగేళ్ల జేబెజ్ రో తాత నా చెయ్యి పట్టుకుని, "ఊరికే వచ్చావా, గుర్రం లేకుండా?" అన్నాడు. అంత దూరం నడిచొచ్చిన మనిషిని 'ఊరికే' అన్నాడు చూడు! సంబరానికి బస్సులో తీసుకొస్తామని చెప్పాను. అప్పుడు వదిలాడు చెయ్యి.

బార్లీ పొలాలు పండాయి. గాలి వీస్తే పసుపుపచ్చ సముద్రం ఒకటి అసలు సముద్రాన్ని కలవడానికి పరిగెడుతున్నట్టుంటుంది. పోయినవారం ఒక రాత్రంతా పడ్డ వాన, ఈ నెలలో ఎవరూ అనుకోనిది, ఆ పసుపుని కడిగి ఆరేసింది.

కాగితం సంగతి రాయలేదు నువ్వు.

లోవెన్నా

●

అడిలైడ్
నవంబరు 26

లోవెన్నా,

మూడు గుర్రాల డెక్కలు చెక్కించావు. బార్లీ ఉంది, వాన ఉంది, జేబెజ్ రో చెయ్యి కూడా ఉంది. ఉత్తరం మొత్తం రెండుసార్లు వెతికాను. అడ్మిరల్ పేరు ఎక్కడా లేదు.

ఏం జరిగింది?

●

పోర్ట్ ట్రెవాన్,
నవంబరు 30

అత్తా,

తప్పు నాదే.

వాన పడ్డ మర్నాడు నేను పోస్టర్లు రాస్తున్నాను. ఒక మాట కుదరక పొద్దున్నుంచి కూర్చున్నాను. మధ్యలో లేచి గుర్రాల్ని పచ్చికలోకి వదిలాను. ముగ్గురికి చిక్కాలు కట్టాను. అడ్మిరల్ చిక్కం పట్టీ తెగి ఉంది. కుట్టి కడదామని లోపలికి వెళ్లాను. సూది కోసం వెళ్లినదాన్ని బల్ల మీద పోస్టరు చూశాను. ఆ మాట దొరికింది. కూర్చుని రాశాను. మళ్లీ బయటికి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. వాడు తింటూనే ఉన్నాడు.

మర్నాటికల్లా వాడు ముందరి కాళ్లు చాపి, బరువంతా వెనక్కి వేసి నిలబడ్డాడు. డెక్క మీద చెయ్యి పెడితే వేడి. పశువుల డాక్టరమ్మ వచ్చి మందిచ్చింది. మెత్తటి ఇసుక పోసి అక్కడే ఉంచమంది. ఎండుగడ్డి నీళ్లలో నానబెట్టి కొంచెం కొంచెం పెడుతున్నాను. రోజూ రెండుసార్లు ఐసునీళ్లలో కాళ్లు పెట్టిస్తున్నాను. నయమవుతుందంది. ఎప్పటికో చెప్పలేనంది.

నీకు రాయడానికి ధైర్యం చాలలేదు. అందుకే బార్లీ గురించి రాశాను.

ఇవాళ వేడి తగ్గింది. చెప్పు తీసుకెళ్లి ఇసుకలో పెట్టాను. దాని మీద గడ్డం ఆనించి పడుకున్నాడు.

లోవెన్నా

●

అడిలైడ్
డిసెంబరు 5

లోవెన్నా,

ఉత్తరం చదివి నిన్ను గట్టిగా తిట్టాను. పక్క మంచం ఆవిడ నర్సుని పిలిచింది. కాబట్టి తిట్టడం అయిపోయింది, ఇక్కడ మళ్లీ రాయను. ఐసునీళ్లు బాగా చేస్తున్నావు. మానకు.

ఇప్పుడు నా వంతు.

నెల నుంచి నువ్వు వెర్నన్‌ని తిట్టిపోస్తున్నావు. అతను సభలో చదివింది నా మాట. అక్టోబరులో ఈ మంచం మీద నుంచి నేనే రాశాను, సంఘం మూసెయ్యమని. నా పేరు బయటికి రానివ్వకు అన్నాను. పాపం, ముప్పై ఏళ్లు ఊరి ఉత్తరాలు మోసినవాడు, నా గుట్టు కూడా మోశాడు.

ఎందుకని అడుగుతావు. డాక్టరు నా కాలు చూసి, గుర్రాన్ని నడిపించడం ఇక కుదరదన్నాడు. పద్దెనిమిదేళ్లు ఆ పగ్గం నా చేతిలో ఉంది. ఇంకొకరి చేతిలో చూడలేననిపించింది. గుర్రాల మీద ప్రేమతోనే అలా అనుకుంటున్నానని నన్ను నేను నమ్మించుకున్నాను. ఇక్కడ కప్పు కేసి చూస్తూ పడుకుంటే ఆలోచించడానికి బోలెడంత తీరిక. అది ప్రేమ కాదు, ఓర్వలేనితనం.

తెలిసింది కదా అని మనసు మారదు. ఒక్క చిక్కం మర్చిపోయిన పిల్లకి నాలుగు ప్రాణాలు అప్పగించడం కూడా నా వల్ల కాదు. సంబరం చెయ్యి, ఊరికి మాటిచ్చావు. వచ్చిన డబ్బు గుర్రాలకి మంచి ఇళ్లు చూడటానికి పనికొస్తుంది. సంతకం మాత్రం అడగకు.

అత్త

●

పోర్ట్ ట్రెవాన్,
డిసెంబరు 14

నెరిడా అత్తకి,

నీ ఉత్తరం చదివి చాలాసేపు ఏడ్చాను. తర్వాత పెంగిల్లీ గారింటికి వెళ్లి క్షమాపణ అడిగాను.

"దేనికమ్మా?"

"మిమ్మల్ని మనసులో తిట్టుకున్నందుకు."

"మనసులోనే కదా?"

"రెండుసార్లు బయటికి కూడా."

"ఒకసారి కసాయి కొట్టు దగ్గర," అన్నారాయన. "విన్నానులే. టీ తాగుతావా?"

సంతకం అడగను. కానీ నిన్న జరిగింది జరిగినట్టు చెప్పాలి. పోలికలు లేకుండా రాస్తాను.

పొద్దున ఆరింటికి రేడియోలో చెప్పారు: నలభై రెండు డిగ్రీలు, ఉత్తరపు గాలి, కార్చిచ్చు భయం, జిల్లా అంతటా ఆరుబయట మంట వెలిగించకూడదు. అంటే సాసేజీలు లేవు. వాటిని కాల్చాల్సిన అగ్నిమాపక దళం వాళ్లే వచ్చి పొయ్యికి తాళం వేశారు. ఇక బీమా మొత్తం పేస్టీల మీదే పడింది, నాలుగొందల పేస్టీల మీద.

గుర్రాల్ని ఎండలో తిప్పలేం కాబట్టి హాలు లోపలికే తెచ్చాం. నేల జారకుండా కాళ్లకి రబ్బరు బూట్లు తొడిగాం. నట్‌మెగ్, పెప్పర్, క్లోవర్‌లకి బట్ట కొమ్ములు కట్టాం. అడ్మిరల్‌ని ఇంట్లో ఒంటరిగా వదిలితే గోల చేస్తాడని ట్రెయిలర్‌లో తెచ్చి, హాలు పక్కగదిలో ఇసుక పోసి, ఫ్యాను పెట్టి ఉంచాను. వాడు నడవాల్సిన పని లేదు, కనబడితే చాలనుకున్నాను.

పదకొండింటికి మొదటి ట్రే బయటికి వచ్చింది. నాన్న ఒకటి తీసి విరిచాడు. నాకు చూపించాడు. లోపల ఎర్రగా ముక్కలు.

"క్యారెట్," అన్నాను.

"నాలుగొందలా?" అన్నాడు నాన్న.

మిస్ హాలొరన్ వంటగదిలోంచి చెమట తుడుచుకుంటూ నవ్వుతూ వచ్చింది. టర్నిప్‌లు తక్కువపడ్డాయట. మూల చూస్తే రెండు బస్తాల క్యారెట్లు కనబడ్డాయట. "రంగు కూడా బాగుంది కదూ!" అంది. పాపం, అడిలైడ్ మనిషి. ఎవరూ ఆవిడకి చెప్పలేదు. చెప్పాల్సింది నేను. మాటలన్నీ పోస్టర్ల మీద పెట్టాను.

అప్పటికే జనం వరసలో ఉన్నారు. ఒకావిడ వాసన చూసి, "గ్లాడిస్ మళ్లీ పుట్టిందా ఏంటి?" అంది. వరస వెనక్కి జరిగింది. నిజంగా జరిగింది అత్తా, ఒక్కొక్కరూ ఒక్కో అడుగు. ఒకాయన గడియారం చూసుకుని గొర్రెలకి నీళ్లు పెట్టాలన్నాడు. ఆయనకి గొర్రెలు లేవు.

నాకు ఏం చెయ్యాలో తోచలేదు. పోస్టరు ఒకటి తిరగేసి పెద్దగా రాశాను: 'ఈ పేస్టీల్లో క్యారెట్ ఉంది. తప్పు మాది. ఈ క్యారెట్లు గుర్రాల వంతు. కొన్నవాళ్ల పేర్లు ఎవరికీ చెప్పం.' బల్లకి అంటించాను. కొంతమంది నవ్వారు. ఎవరూ కొనలేదు.

అప్పుడు వృద్ధుల నివాసం బస్సు వచ్చింది. జేబెజ్ తాతని చక్రాల కుర్చీలో దించారు. పేస్టీ విషయంలో ఆయన మాటకి ఊళ్లో తిరుగు లేదని నీకు తెలుసు కదా. ఆ కాగితం రెండుసార్లు చదివాడు. చెయ్యి చాపాడు. పేస్టీ పెట్టాను. హాలంతా చూస్తోంది. కొరికాడు. మెల్లగా నమిలాడు.

"ఇది పేస్టీ కాదు," అన్నాడు.

నేను మిగతా ముక్క వెనక్కి తీసుకోబోయాను.

"ఇది గుర్రం తిండి. ఇంకో రెండు ఇవ్వు. సంచీలో పెట్టు, మా ఆవిడ పై నుంచి చూస్తుంటుంది."

ఒక్కసారిగా అందరూ గొల్లున నవ్వారు. ఆ తర్వాత వరస హాలు దాటి మైదానం గేటు దాకా పోయింది. అందరికీ సంచీలే కావాలి. పాస్టరు గారు రెండు సంచీలు ఒకదాన్లో ఒకటి పెట్టించుకున్నారు. గొర్రెలు లేనాయన ఆరు పట్టుకెళ్లాడు. మూడింటికల్లా ట్రేలు ఖాళీ. చివరి పేస్టీని వేలం వేస్తే పెంగిల్లీ గారు పాడుకున్నారు. రెండేళ్ల బీమా కట్టొచ్చు అత్తా! మిస్ హాలొరన్‌ని ఇప్పటికే 'క్యారెట్ టీచర్' అంటున్నారు. ఆవిడకి అర్థం చెప్పాం. గర్వపడుతోంది.

ఇక ఒకటి మిగిలింది, చెప్పక తప్పదు. జేబెజ్ తాత అడ్మిరల్‌ని చూస్తానన్నాడు. పక్కగదికి తీసుకెళ్లాను. పెంగిల్లీ గారూ, సగం ఊరూ వెనకే వచ్చారు. అడ్మిరల్ ఇసుకలోంచి మెడ చాపి తాత ఒళ్లో తల పెట్టాడు. తాత కళ్లు మూసుకుని వాడి నుదుటి మీద చెయ్యి ఉంచాడు. కాసేపయ్యాక సంచీలోంచి పేస్టీ అంచు విరిచాడు.

"వద్దు తాతా," అన్నాను.

"ఇంత ముక్కేగా."

"ముక్క కూడా వద్దు. నా మతిమరుపు వల్ల వాడి కాళ్లు వాచాయి. చిక్కం కట్టకుండా వదిలేశాను. ఇప్పుడు ఎవరు ఏం పెట్టినా ఊరుకోను."

తొంభై నాలుగేళ్ల మనిషికి ఈ ఊళ్లో ఎవరూ వద్దని చెప్పరు. అయినా చిక్కం తీసి అడ్మిరల్ మూతికి కట్టాను. తాత నావైపు కోపంగా చూశాడు. తర్వాత ఆ ముక్క తన నోట్లోనే వేసుకున్నాడు.

"నెరిడా కూడా ఇలాగే తినేది నా ప్రాణం," అన్నాడు.

అంతే అత్తా, జరిగింది. రాత్రి అడ్మిరల్ డెక్కలు చూశాను. చల్లగా ఉన్నాయి.

లోవెన్నా

●

అడిలైడ్
డిసెంబరు 18

లోవెన్నా,

వెర్నన్ నాకు విడిగా రాశాడు. నీ ఉత్తరం కంటే ఒకరోజు ముందే వచ్చింది. పోస్టాఫీసులో ఇంకా పలుకుబడి ఉన్నట్టుంది. పేస్టీల గురించి ఒక్క వాక్యం. వేలం పాటలో తను ఎంత పెట్టాడో లేదు. మిగతాదంతా పక్కగది గురించే. 'నెరిడా, నీ మేనకోడలు ఊరందరి ముందు తన తప్పు చెప్పుకుని, జేబెజ్‌కి వద్దని చెప్పింది. అప్పుడు గుర్రం మూతికి చిక్కం కట్టిన చేతులు వణకలేదు. నేను దగ్గర నుంచి చూశాను.'

పద్దెనిమిదేళ్లలో నేను జేబెజ్ రోకి వద్దని చెప్పింది రెండేసార్లు. రెండుసార్లూ ఎవరూ లేనప్పుడు.

నేను కూడా ఒకసారి చిక్కం మర్చిపోయాను. మొదటి ఏడాది, అడ్మిరల్‌కే. ఎవరికీ చెప్పలేదు. ఇవాళ నీకు చెబుతున్నాను.

దీంతో కాగితం పెడుతున్నాను. పేరు నీదే. సంతకం వంకరగా ఉంది, నిలబడి చేశాను మరి, ఒక చేత్తో వాకర్ పట్టుకుని. నర్సు సాక్షి. ఈసారి చప్పట్లు కొడితే వద్దనలేదు.

ఇక్కడ నా వార్డులో పదకొండుమంది ఉన్నాం. క్రిస్మస్‌కి ఇళ్లకి వెళ్లలేనివాళ్లం. గుర్రం గురించి చెబితే ఒక్కరూ నమ్మడం లేదు. పెద్ద నర్సుని అడిగాను. డెక్కలకి బూట్లు తొడిగితే అభ్యంతరం లేదంది.

నేను అడగను. ఊరికే చెబుతున్నాను.

అత్త

●

పోర్ట్ ట్రెవాన్,
డిసెంబరు 21, మధ్యాహ్నం

అత్తా!

ఇది పోస్టులో వెయ్యను. నాన్న సాయంత్రం అడిలైడ్ వస్తున్నాడు, నీ చేతికిస్తాడు.

కాగితం ఫ్రేము కట్టిద్దామన్నాడు నాన్న. పెంగిల్లీ గారు ఒప్పుకోలేదు, సంఘం ఫైల్లోనే ఉండాలట. ఆయనే రెండు రంధ్రాలు పొడిచి, పెట్టి, ఫైలు మూశాక నాతో చెయ్యి కలిపారు. నాలుగు గుర్రాలూ ఒకే దొడ్లో ఉంటాయి అత్తా. ఇది రాయడానికి నిన్నటి నుంచి మంచి మాట వెతుకుతున్నాను. దొరకలేదు. అక్కర్లేదు కూడా. ఒకే దొడ్లో ఉంటాయి.

డాక్టరమ్మ పొద్దున వచ్చి అడ్మిరల్‌ని నున్నటి నేల మీద అటూ ఇటూ నడిపించి చూసింది. నాలుగు కాళ్లూ సమానంగా వేస్తున్నాడు. ట్రెయిలర్‌లో మెత్తగా పరుపు వేసి, మధ్యలో ఒకచోట ఆపి తీసుకెళ్లమంది. గడ్డి మీద మాత్రం కాలు పెట్టనివ్వొద్దంది. పెట్టనివ్వను.

రేపు ఎండ ముదరకముందే, ఐదింటికి పెంగిల్లీ గారి కారులో బయల్దేరతాం. చిక్కం, విడి చిక్కం, సూదీ దారం కూడా సంచీలో పెట్టేశాను. దార్లో పోర్ట్ వేక్‌ఫీల్డ్ దగ్గర నీళ్లు పట్టిస్తాను. పదింటికి మీ వార్డు తలుపు దగ్గర ఉంటాం. నువ్వు మంచం మీద ఉండకు. వాకర్ పట్టుకుని తలుపు దాకా నడిచి రా. పగ్గం ఒక కొస నేను పట్టుకుంటాను, రెండో కొస నువ్వు పట్టుకో.

కుడికాలి చెప్పు ఒక్కటే వేసుకో. ఎడమది వాడు తెస్తున్నాడు.

లోవెన్నా